మూత తీయని డబ్బా

తిరువూరు శివారు పేటలో, కలుపు తీసే ఆడకూలీల ముఠాకి పెద్దయిన సామ్రాజ్యం ఇంటి ముందు. వారం రోజులుగా విడవని ముసురు. పొద్దు వాలుతోంది.

“కూర్చోండి బాబుగారూ. నిలబడి అడిగినా నా మాట అదే, కూర్చుని అడిగినా అదే.”

“కూర్చోడానికి రాలేదు సామ్రాజ్యం. రేపు పొద్దున్నే పదిమందిని పంపుతానను. ఆ ఒక్క మాట అను, వెళ్ళిపోతా.”

“పంపలేనండి.”

“పదిమంది వద్దులే. ఆరుగురిని పంపు.”

“ఒక్కళ్ళు కూడా రారు.”

“కూలి ఎక్కువిస్తానంటున్నాగా!”

“కూలి సంగతైతే మీరు ఇంతదూరం రాకముందే వచ్చేవాళ్ళం. అది కాదండి.”

“మరేంటి? మా నాన్న కాలంనుంచీ మా చేలో కలుపు తీసింది మీ అమ్మ, ఆ తర్వాత నువ్వు. నెలకింద నాటు వేసింది కూడా మీరేగా. ఈ నెలరోజుల్లో నేనేం పాపం చేశాను?”

“మీకు తెలీదా?”

“తెలీదు.”

“తెలీదా ఆదిశేషయ్య గారూ?”

“తెలీదంటున్నాగా.”

“మీ ఇంట్లో అటకమీద ఏముంది?”

“అటకమీదా... ఏముంటది, పాత గోనెలు, చింతపండు కుండ...”

“గోనెల వెనక?”

“ఎవరు చెప్పారు నీకు? మా ఇంటిది వెంకాయమ్మ చెప్పిందా?”

“అమ్మగారేం చెప్పలేదు. తిరువూరు బజార్లో పురుగుమందుల కొట్లోంచి మీరు డబ్బాని కండువాలో చుట్టుకుని వస్తుంటే మా ముఠాలో పిచ్చమ్మ చూసింది. పసిబిడ్డని ఎత్తుకున్నట్టు గుండెలకి హత్తుకుని వస్తున్నారంట.”

“కొన్నాను. నిజమే, కొన్నాను. కొనడం కూడా తప్పేనా? మూత కూడా తీయలేదు దానికి.”

“కట్టుబాటు తెలుసుగా మీకు.”

“తెలుసు.”

“పేటలో ఆడాళ్ళందరం ఆదివారం ప్రార్థన అయ్యాక బైబిలు మీద చెయ్యేసి అనుకున్నాం. కలుపు మందు ఇంటికి తెచ్చినోళ్ళ చేలో అడుగు పెట్టం. కలుపుకి రాం, నాటుకి రాం, కోతకి రాం. అది నా ఒక్కదాని మాట కాదు బాబుగారూ, నేను తిప్పడానికి.”

“అనిపించింది నువ్వేగా అందరిచేతా!”

“నేనే. వీరరాఘవయ్య గారు పోయినేడు పొలమంతా ఆ మందు కొట్టించుకున్నారు. కలుపు రోజులన్నీ మేం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాం. మా ఏడాది తిండి ఆ కలుపులోనే ఉంది. ఇవాళ ఆయన, రేపు మీరు, ఎల్లుండి ఇంకొకళ్ళు. అందరూ కొట్టుకుంటే మేం ఎక్కడికి పోవాలి?”

“వీరరాఘవయ్య మీద కోపం ఉంటే వీరరాఘవయ్య మీద చూపించండి. ఆయనకేం, మీరు కాకపోతే ఇంకో ఊరినుంచి లారీలో దింపుతాడు కూలీల్ని. నాకున్నది రెండెకరాలు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టుంది మీ కట్టుబాటు!”

“మీరూ వేరే ఊరు వెళ్ళొచ్చారంటగా.”

“వెళ్ళాను. నిన్న గంపలగూడెం వెళ్ళాను. అక్కడా మీ చుట్టాలేగా! ‘సామ్రాజ్యం అక్క సరేనంటే వస్తాం’ అన్నారు. కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చాను.”

“చేను ఎట్లా ఉంది?”

“చూళ్ళేదా నువ్వు?”

“అటువైపు రావడంలేదుగా.”

“చేనంటే చేను కాదు అది. వరి ఏదో కలుపు ఏదో నాకే తెలీడం లేదు, పుట్టినప్పటినుంచీ సేద్యం చేస్తున్నవాణ్ణి. నేనూ వెంకాయమ్మా పొద్దున్నుంచీ వంగి తీస్తున్నాం. ఒక మూల తేలేసరికి రెండో మూల మూసుకుపోతోంది. దాని వేళ్ళు పుళ్ళు పడ్డాయి. నిన్న రాత్రి అన్నం కలుపుకోలేకపోయింది. నేను కలిపి పెట్టాను.”

“అయ్యో, అమ్మగారికి...”

“అయ్యో అని ఊరుకుంటే అవుద్దా? అసలు ఇదంతా ఎవరివల్ల? ‘రేపొస్తాం, ఎల్లుండొస్తాం’ అని మీరు విస్సన్నపేట మామిడితోటల పనికి పోయారు. నేను రోజూ గట్టుమీద కూర్చుని దారి చూశాను. చూసి చూసి, మతిపోయి, బజారుకి వెళ్ళి ఆ డబ్బా కొన్నాను.”

“తోటలవాళ్ళకి ముందే మాటిచ్చాం.”

“నాకివ్వలేదా మాట?”

“ఇచ్చాం. తప్పే. కానీ డబ్బా రాకముందు అడగాల్సింది ఆ మాట.”

“అడగలేదా నేను!”

“సరే. ఉందిగా డబ్బా. మరి కొట్టుకోండి.”

“ఎగతాళి చేస్తున్నావా?”

“ఎగతాళి కాదండి. అడుగుతున్నా. తెచ్చి ఇన్నాళ్ళయింది, ఎందుకు కొట్టలేదు?”

“కొట్టబుద్ధి కాలేదు.”

“ఎందుకు?”

“కొడితే మీరు ఇంక కోతకి కూడా రారుగా. ఆ భయం.”

“అంతేనా?”

“అంతే.”

“ఇంకేం లేదా?”

“మూత తీశాను.”

“ఇందాక తీయలేదన్నారు!”

“కొంచెం. ఒక్క చెంచాడు. చెంబు నీళ్ళలో కలిపి గట్టుమీద చల్లి చూశాను. ఈశాన్యం మూల పొన్నగంటి ఉంటది చూడు, మీ ఆడాళ్ళు కోసుకునేది. దానిమీద.”

“చచ్చిందా?”

“చావడం కాదు. ఒక్కసారి చస్తే బాగుండేది. తెల్లారి వెళ్ళేసరికి మెలికలు తిరిగిపోయి ఉంది. కాడలన్నీ వంకర్లు పోయాయి. ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. కడుపునొప్పితో మనిషి దొర్లినట్టు నాలుగురోజులు అట్లా దొర్లి, అప్పుడు చచ్చింది. నాకు అన్నం సయించలేదు సామ్రాజ్యం. కలుపు మొక్కని చూసి అన్నం మానేశాడంటే నవ్వుతావేమో.”

“నవ్వను. నాలుగురోజులేనా? ఇంకా ఎక్కువా?”

“నాలుగో, ఐదో.”

“మళ్ళీ మొలిచిందా?”

“లేదు.”

“వేరు కూడా పోయిందా?”

“పీకి చూశాను. వేరు కుళ్ళింది.”

“ఒక్క చెంచాకే! మరి ఎకరానికి ఎంత పొయ్యాలంట?”

“సగం డబ్బా. ఏంటి, సేద్యం పాఠాలు చెప్పే గ్రామసేవకుడి దగ్గర చదివినట్టు అడుగుతున్నావు?”

“కట్టుబాటు పెట్టినదాన్ని. దేనిమీద పెట్టానో తెలుసుకోవద్దా? వరికేం కాదా?”

“కాదంట. ఆకు కలుపుకే పట్టుద్దంట. వరికి, జొన్నకి ఏం కాదంట. మినుములు, పత్తి అయితే గాలి సోకినా మాడిపోతాయంట.”

“జొన్నకి ఏం కాదా?”

“ఏం కాదంట. జొన్న గొడవెందుకు నీకు? నాది వరి.”

“ఊరికే అడిగానండి. మీ పక్క చేలో ఏడుకొండలుది పత్తేగా. అందుకని.”

“అదీ ఉంది. గాలి అటు మళ్ళితే ఏడుకొండలు నోట్లో మట్టి కొట్టినవాణ్ణవుతాను. మా మడి నీళ్ళు దిగేది మీ పేట వాగులోకి. మీ పిల్లలు పరిగె చేపలు పట్టేది అక్కడే, మా గేదె తాగేదీ అక్కడే. కొట్టువాణ్ణి అడిగితే ‘ఏం కాదు’ అన్నాడు. గ్రామసేవకుణ్ణి అడిగితే ఆయనా ‘ఏం కాదు’ అన్నాడు. ‘అయితే చేత్తో కలపొచ్చాండీ?’ అన్నాను. ‘అమ్మో, కర్రతో కలుపు, ముక్కుకి గుడ్డ కట్టుకో’ అన్నాడు! ఇంక నేనేం నమ్మాలి?”

“నమ్మకండి. పోయినేడు వీరరాఘవయ్య గారి మడికింద కప్పల అరుపు లేదు. వానాకాలంలో కప్ప అరవని మడి ఎక్కడన్నా ఉంటదా? అయినా ఆ పొన్నగంటి మీకు కలుపు బాబుగారూ. మాకు రాత్రికి కూర.”

“నాకు తెలీదా? మా నాన్న ఏమనేవాడో తెలుసా? కలుపు తీసిన ఆడది ఒట్టి ఒడితో గట్టు దాటితే చేనుకి అరిష్టం అనేవాడు. కూర కోసుకోకుండా ఎవరన్నా పోతుంటే వెనక్కి పిలిచి కోయించేవాడు.”

“మా అమ్మ చెప్పేది. పెద్దాయన మంచి మనిషి.”

“ఆయన కొడుకుని నేను. నాచేత ఆ మందు కొట్టిస్తారా మీరు?”

“మేం కొట్టించడమేంటండీ!”

“మరేంటి? మీరు రారు. ఇంకెవర్నీ రానివ్వరు. పోయినేడు చివర్లో నీళ్ళందక ఎండిపోయింది పంట. ఈ ఏడు కలుపు తింటే ఇంక ఎడ్లని సంతకి తోలాల్సిందే. ఎడ్లు పోయాక సేద్యం ఏంటి, నేనేంటి? ఏ వీరరాఘవయ్య దగ్గరో పాలేరుగా చేరి, ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆ మందే కొట్టాలి నేను. అర్థమవుతోందా నీకు?”

“అవుతోంది.”

“అయితే రండి. ఏం చెయ్యమంటావు, కాళ్ళు పట్టుకోమంటావా? పట్టుకుంటా.”

“తప్పు బాబుగారూ! లేవండి. ఎవరన్నా చూస్తారు. లేవండి ముందు.”

“చూడనీ. చేను పోయాక పరువెందుకు?”

“లేవండి... డబ్బా మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మేం రాలేం. అది దాటలేను. డబ్బా లేదనుకోండి, అప్పుడు నేను మాట్లాడతా. పదిమంది కాదు, ముఠా అంతా దిగుతాం. రెండు పూటల్లో మీ రెండెకరాలూ శుభ్రంగా తీసిపెడతాం.”

“నిజంగా?”

“నిజంగా.”

“అయితే పోతుంది డబ్బా. ఇవాళే పోతుంది.”

“కొట్టువాడు వెనక్కి తీసుకోడా?”

“మూత తీసింది ఎట్లా తీసుకుంటాడు? ఆ పాడు చెంచా ఒకటి వాడి చచ్చాగా. వాగులో పారబోస్తాను.”

“వాగులోనా! మతుండే అంటున్నారా?”

“ఛ, కాదు, కాదు. చేను మూల గుంట తవ్వి పాతేస్తా.”

“ఈ ముసురుకి గుంట నిండి పైకి రాదా? అక్కడినుంచి మడిలోకే కదా.”

“దొడ్లో పాతేస్తా.”

“దొడ్లో బావి ఉందిగా మీకు.”

“అయితే ఏం చెయ్యమంటావు? కొడితే పాపం. పారబోస్తే పాపం. పాతితే పాపం. ఉంచుకుంటే కట్టుబాటు. నేనే తాగి చావనా, పీడాపోద్ది?”

“ఆ మాట అనకండి. నాకివ్వండి.”

“ఏంటీ?”

“డబ్బా నాకిచ్చెయ్యండి.”

“నీకా? ఓహో. ఆదివారం అందరిముందూ పెట్టి చూపిస్తావా, ఆదిశేషయ్య లొంగాడని? చూపించు. నాకు అభ్యంతరం లేదు.”

“ఎవరికీ చూపించను. కాస్త మసకపడ్డాక నేనే వచ్చి పట్టుకెళ్తా. మీరు కూడా ఎవరితోనూ అనకూడదు. అమ్మగారితో కూడా.”

“పట్టుకెళ్ళి ఏం చేస్తావు?”

“ఏదో చేస్తాలెండి.”

“ఏదో అంటే? పిల్లలు తిరిగే గుడిసె. ఎక్కడ దాస్తావు విషాన్ని?”

“ఎక్కువరోజులు దాచను.”

“సామ్రాజ్యం, నా మొహం చూసి చెప్పు.”

“కొండకింద సర్కారువాళ్ళు మాకు బంజరు ఇచ్చారుగా. ఎకరం.”

“ఆ రాళ్ళనేలా? దాన్ని సాగు చేశారా మీరు?”

“చేశాం. ఎద్దులేవి మాకు? మా ఆయనా నేనూ గడ్డపారల్తో తవ్వాం. జొన్న వేశాం. ఎంత బాగా మొలిచిందనుకున్నారు! ఇప్పుడు కలుపు కమ్మేసి, చూద్దామంటే జొన్న కనపడదు. కరణంగారు వచ్చి చూసి ‘ఇది సాగు కాదు, బీడు. బీడని రాస్తే పట్టా రద్దు’ అన్నాడు. మళ్ళీ వచ్చి చూస్తాడంట. కాళ్ళావేళ్ళాపడితే అంతవరకు ఆగాడు.”

“అదేంటి? అంత ముఠా ఉంది నీ వెనక. ఒక్కపూట అందరూ వంగితే...”

“అందరికీ ఇచ్చారండి బంజర్లు. అందరివీ అట్లాగే ఉన్నాయి. వెలుగు రాకముందు మీ చేలల్లోకి వెళ్తాం, దీపాలు పెట్టాక ఇల్లు చేరతాం. ఒక్కపూట మా చేను మేం చూసుకుంటే ఆపూట పొయ్యిలో పిల్లి లేవదు.”

“బైబిలు మీద చెయ్యేశావు కదే!”

“మొదటి చెయ్యి నాదే.”

“మరి పొన్నగంటి, వాగు, కప్పలు... ఇందాకటినుంచీ నాకు చెప్పినవన్నీ?”

“ఒక్కటీ అబద్ధం కాదు. కానీ మీ చేలో కలుపు తీయడానికి మేమున్నాం బాబుగారూ. మా చేలో తీయడానికి ఎవరొస్తారు?”