నీళ్లకు పుట్టిన బండ

తిప్పన్న అని ఒగడుండె. వడ్డె మనిషి. పుట్టింది గుండ్ల సీమలో. అదే, యాడ సూసినా ఏనుగులు పండుకున్నట్టు గుండ్లు తప్ప ఇంగేమీ కనపడదు సూడు, ఆ పక్క. వాళ్ల నాయనా, వాళ్ల తాతా ఆ గుండ్లు కొట్టే బతికినారంట. తిప్పన్న సమ్మెట ఎత్తినాడంటే ఎంత గుండైనా రెండు చెక్కలయ్యేదంట, అంత చెయ్యి. చెయ్యి ఎంతుండాదో నోరూ అంతే ఉండె అనుకో. అట్లాటోడు మన పక్కకు, ఈ నాపరాళ్ల ఊరికి ఇల్లరికం వచ్చినాడు. యాలొచ్చినాడంటే సుంకమ్మ కోసరం. ఒగ తిరనాళ్లలో ఆయమ్మి బొరుగులు కొంటాంటే సూసినాడంట, ఇంగ ఆ పొద్దు నుంచి వానికి బువ్వ దిగలేదంట. సుంకమ్మ నాయన ఉసేనప్పకేమో ఒగతే కూతురు. నా బిడ్డను నేను యాడికీ పంపను, కావాలంటే వాడే రానీ అన్న్యాడు. వీడు సమ్మెట బుజానేసుకోని వచ్చేసినాడు. మద్దిలేటీ, నువ్వు నగబాకరా, నువ్వూ ఇల్లరికం వచ్చినోనివే గదా.

వచ్చినోడు ఊరుకున్న్యాడా? మామ గనికి పోయినాడు. గని అంటే మన నాపరాళ్ల గుంతే. పైన మన్ను తీస్తే కింద పొరలు పొరలుగా బండలుంటాయి గదా, దాన్ని సూసినాడు, ఒగ పెంకు తీసి ఏళ్లతో టకటక కొట్టినాడు, కొట్టి, ఇదేంది మామా, ఇది రాయా, అప్పడమా, మా ఊర్లో దీన్ని ఆడోళ్లు సంకటి కెలికే తెడ్డుతో పగలగొడతారు అన్న్యాడంట. ఉసేనప్ప చెయ్యి గడ్డం మీదికి పోయింది. ఆయప్పకు కోపమొస్తే మాట రాదు, గడ్డం మాత్రం గీరుకుంటాడు. ఆ పొద్దు గడ్డం గీరుకుంటా గీరుకుంటా ఇంటికొచ్చినాడంట. ఇట్ల రోజులు పోతాండాయి. సుంకమ్మకు నెల తప్పింది. ఇంగ ఏమైందంటే, అప్పట్లో ఈ ఊర్లో ఒగ ఆచారముండె. తొలికాన్పు అయ్యే గది కప్పులో, మంచానికి నేరుగా పైన వచ్చే బండ ఒంటి బండ కావల్ల. అతుకు ఉండగూడదు. అతుకు కింద కాన్పయితే తల్లికీ బిడ్డకూ మంచిది గాదని వాళ్ల నమ్మకం. ఆ బండను ఎవరు లేపల్ల? బిడ్డను కన్న నాయనే లేపల్ల. కూలోళ్లతో లేపిచ్చేకి లేదు.

ఉసేనప్ప అల్లున్ని పిలిచినాడు. అబ్బీ, ఎనిమిది మూరల పొడుగు, నాలుగు మూరల ఎడల్పు, ఒగ బండ లెయ్యల్ల, మృగశిర కార్తె వానలొచ్చే లోపల గది మీద పడల్ల, నీకు అప్పడమే గదా అన్న్యాడు. తిప్పన్న మీసం దువ్వినాడు. రెండు పొద్దుల పని మామా అన్న్యాడు. లెయ్యకపోతే, అని అడిగినాడు ఉసేనప్ప. లెయ్యకపోతే నా సమ్మెట ఎత్తుకోని మా ఊరికి పోతా అని నోరు జారినాడు వీడు. సరే, పోదువు గానీ, నా బిడ్డ మాత్రం రాదు అన్న్యాడు మామ. అబ్బా, ఆ మాట తిప్పన్నకు రోంత గట్టిగానే తగిలింది. సుంకమ్మను ఇడిసిపెట్టి ఆ గుండ్ల మధ్యన ఒంటిగా ఎట్లుండేది? పుట్టే బిడ్డ మొగం కూడా సూడకుండా? అయినా మీసం మీద నుంచి చెయ్యి తియ్యలేదంట. మొగోళ్లు గదా.

ఇంగ సూడు వాని తెలివి. గుండ్లు కొట్టేటోళ్లు యాడ పెడతారు ఉలి? గుండుకు పొట్ట యాడ ఉబ్బింటాదో ఆడ పెడతారు. వీడు గనంతా తిరిగి తిరిగి, ఒగ మూల్లో బండలన్నీ గూని మాదిరి పైకి లేసి వంగిండేచోటు పట్టుకున్న్యాడు. ఓహో, ఇదే దీని పొట్ట అనుకున్న్యాడు. వరసగా బెజ్జాలు ఏసినాడు, చీలలు దిగ్గొట్టినాడు, సమ్మెటెత్తి ఒగటేసినాడు. బండ లేసింది. ఎట్ల లేసింది? పగిలిపోయిన కుండ పెంకుల మాదిరి, ఒగొగటీ వంకర తిరిగి లేసింది. మల్ల రోంత పక్కన కొట్టినాడు. మల్ల పెంకులే. నాలుగు దినాలు కొట్టినాడు, గని నిండా పెంకులే. ఊర్లో ఆడోళ్లు వచ్చి, అన్నా, మా కోళ్లకు నీళ్లు పెట్టేకి రెండియ్యి అని అడుక్కోని పోయినారంట. సుంకమ్మ చెప్పబోయింది, ఏమయ్యో, అది మడత పడిన చోటు, ఆడ ఎవరూ కొట్టరు అని. నాకు చెప్తావా, నేను పుట్టంగానే ఉలి పట్టినోన్ని అన్న్యాడు. సరే నాయనా అని ఆయమ్మి పోయి చింతాకు గిల్లుకుంటా కూచునింది.

ఇంగ తిప్పన్నకు రోషమొచ్చింది. దీనికి మా ఊరి మందు పెట్టల్ల అనుకున్న్యాడు. ఏంది ఆ మందంటే మంట. గుండ్ల సీమలో బండ లేపాలంటే పైన కట్టెలు పేర్చి మంట పెడతారు. కాగి కాగి పైపొర టంగుమని లేస్తాది, లెయ్యకపోతే చల్లనీళ్లు కొడతారు. అది వాళ్ల పని. వీడు ఏం చేసినాడంటే, తుమ్మకట్టెలు రెండు బండ్లు తోలిచ్చినాడు, పిడకలు కలిపి, మంచి చదునుగుండే బండ మీద కుప్ప ఏసి అంటిచ్చినాడు. ఒగ పొద్దు మండింది. రెండు పొద్దులు మండింది. బండ ఉలకదు పలకదు. టంగుమనదు. తిప్పన్న చెవి కింద పెట్టి పెట్టి ఒగ పక్క మీసం కాల్చుకున్న్యాడంట. మూడో పొద్దు ఇంగా కట్టెలేసినాడు. ఉసేనప్ప గట్టు మీద కూచోని బీడీ తాగతా సూస్తాన్నాడే గానీ, వద్దురా అని ఒగ మాట అన్లేదు. ఎందుకంటాడు, అప్పడం అన్న్యాడు గదా.

నాలుగో పొద్దు పొద్దన్నే నిప్పులు పక్కకు లాగినాడు. సూస్తే, నల్లబండ తెల్లగైపోయుండాది. ఇదేందప్పా అనుకోని, పది బిందెల నీళ్లు తెచ్చి గుమ్మరిచ్చినాడు. ఇంగ సూసుకో. బండ బుస్సుమనింది. సలసలా ఉడికింది. నిప్పు లేదు, కట్టె లేదు, నీళ్లు పోసేకొద్దీ ఉడుకుతాది. తెల్లగా ఆవిరి లేసి గనంతా కమ్ముకునింది, బండ ఉబ్బి, పగిలి, పిండి పిండిగా రాల్తాంది. తిప్పన్న బిందె ఆడ పారేసి, ఈడ దాంకా ఉరికినాడు. ఊరంతా వచ్చినారు. గంగమ్మ పూనింది బండకు అన్న్యారు, ఎవరో టెంకాయ కొట్టినారు, ఇంగెవరో కర్పూరం అంటిచ్చినారు, ఒగామె వీని మొగాన ఇబూది కొట్టి, ఏం పాపం చేసినావో ఒప్పుకో నాయనా అనింది. వీడు చేతులెత్తి మొక్కి, రాయిని అప్పడమంటి తల్లీ అని ఒప్పుకున్న్యాడు. ఉసేనప్ప అప్పుడు గట్టు దిగొచ్చినాడు. గడ్డం గీరుకున్న్యాడు. మృగశిరకు ఇంగా పన్నెండు దినాలుండాది అల్లుడా, సమ్మెట తుడుసుకో, దోవకు సద్ది కట్టిస్తా అన్న్యాడు.

తిప్పన్న ఇంటికి రాలేదు. వంకలో పోయి కూచున్న్యాడు, మోకాళ్లలో తల పెట్టుకోని. ఎండాకాలం వంక, నీళ్లు లేవు. ముందు వారం ఒగ వాన కురిసి పోయింటే, మడుగు ఆరి నెర్రెలిచ్చిండాది. సాయంత్రం ముందర సుంకమ్మ ఎతుక్కుంటా వచ్చింది. తొమ్మిదో నెల, నడుముకు చెయ్యి పెట్టుకోని, ఆయాసపడతా వచ్చింది. వచ్చి ఏమీ తిట్లేదు. పక్కన కూలబడి, మీ రాయి ఎట్ల పుడతాదో చెప్పయ్యా అని అడిగింది. వీడు ముక్కు చీదుకోని చెప్పినాడు. మా తాత చెప్పేటోడు, భూమి కడుపులో రాయి బెల్లం పాకం మాదిరి ఉడుకుతాంటాదంట. అది పైకి రాకుండా లోపల్నే మెల్లగా, ఎన్ని తరాలో, ఆరతాదంట. మెల్లగా ఆరింది కాబట్టి కలకండ మాదిరి పలుకులు కట్టుకుంటాది, అందుకే పగలగొడితే మెరుస్తాది అన్న్యాడు. మీద మన్ను కొట్టుకపోయి గుండు బయటపడినాక, పగలు ఎండకు ఉబ్బుతాది, రాత్రి సలికి ముడుసుకుంటాది, అట్ల చేసి చేసి ఉల్లిగడ్డ మాదిరి పొట్టు ఇడుస్తాది, మంట పెట్టేది ఆ పొట్టును తొందరగా ఇడిపిచ్చేకే అన్న్యాడు. చెప్తా చెప్తా వాని గొంతు బాగైపోయింది, ఊరు గుర్తొచ్చి.

అంతా ఇని, సుంకమ్మ మడుగులో ఎండిపోయిన బురద పెళ్ల ఒగటి తీసింది. దాన్ని అడ్డంగా ఇరిస్తే పొడి పొడి అయింది. ఇంగొగటి తీసి, అంచున గోరు పెట్టి రోంత రోంత లేపింది. పొర ఊడొచ్చింది, కాగితం మాదిరి, పగలకుండా. దాని కింద ఇంగొగ పొర. వాన వానకూ వచ్చిన బురద అది, ఒగదాని మీద ఒగటి పండుకోనుండాది. తర్వాత మొగుని చెయ్యి పట్టుకోని ఇసకలోకి తీసకపోయింది. నీళ్లు పోయినాక ఇసక మీద అలల గీతలు పడింటాయి సూడు, అవి చూపిచ్చింది. ఆడ నుంచి గనికి. ఆయాసపడొద్దు మేయ్ అంటాంటే ఇనకుండా పోయి, మన్ను తీసిన ఒగ బండ మీద చెంగుతో దుమ్ము తుడిసి, ఈడ చెయ్యి పెట్టు అనింది. పెట్టినాడు. అవే గీతలు. ఇసక మీద ఎట్లుండాయో అట్లనే, రాయి మీద. తిప్పన్న అరచెయ్యి దాని మీద అట్లనే పెట్టుకోని నిలబడిపోయినాడంట. మల్ల మల్ల తడిమినాడంట.

"నీ రాయి నిప్పులో పుట్టిందయ్యా, నా రాయి నీళ్లల్లో పుట్టింది. నీళ్లల్లో పండుకోని పండుకోని, మీద బరువు పడి పడి గట్టి పడింది. దాన్ని కొట్టి లేపగూడదు. పండుకున్నదాన్ని ఎట్ల లేపుతాం, అట్ల లేపల్ల."

మరి ఆ గూని ఏందని అడిగినాడు వీడు. ఆయమ్మి ఏం చేసిందంటే, పైట కొంగు బండ మీద పరిసి, రెండు పక్కల నుంచి నెట్టింది. నడిమిన మడత లేసింది. భూమి నెట్టింటాది ఎప్పుడో, నెట్టినచోటు వంగింది, వంగినచోటు లోపల్నే నలిగింది, దాన్ని ఎవురు ముట్టుకున్న్యా పెంకులే అనింది. తిప్పన్న ఆ కొంగు మడత మీద ఏలు పెట్టి సూసినాడు. కడాకు, ఇది ముందే చెప్పొచ్చు గదా మేయ్ అన్న్యాడు. ఇన్న్యావా నువ్వు, అనింది. అంతే. వానికి ఆ మాట చీల దిగినట్టు దిగింది.

తెల్లారినాక వాడు సమ్మెట ఇంట్లో పెట్టేసి, సిన్న ఉలి, చెక్క చీలలు ఎత్తుకోని పోయినాడు. అలల గీతలుండే బండ అంచు కడిగినాడు, రెండు పొరల మధ్య ఎంట్రుకంత సందు ఎతికినాడు. ఆ సందులో చీల పెట్టి ఒగ దెబ్బ, మూరెడు జరిగి ఇంగొగ దెబ్బ, మల్ల మొదటికి. ఎనిమిది మూరల పొడుగునా. సుంకమ్మ గట్టు మీద కూచోని, మెల్లగా, మెల్లగా అంటాది. వాడు తలకాయ ఊపుతాడు. సందులో నీళ్లు పోస్తాడు, చెక్క చీలలు నాని ఉబ్బుతాయి, వాడు పక్కన గొంతుకూచోని సూస్తాంటాడు. వాని లాటోడు పనిలేకుండా కూచోని సూసేది ఎంత కష్టమో ఆలోచన చెయ్యి. ఆరు దినాలు. ఆరో దినం మాపున బండ ఒగసారి నిట్టూర్చినట్టు అనింది. అంతే, కింది పొరను ఇడిసిపెట్టింది. ఒంటి బండ. ఒగ మూల కూడా చెదర్లేదు. దుంగలేసి దొర్లిచ్చి, పన్నెండు మంది పట్టి గది మీదికెక్కిచ్చినారు, అలల పక్క కిందికి పెట్టి. మిగిలిన చోట సిన్న బండలు పేర్చినారు.

ఐతే ఇంగొగ చిక్కుండె. నడిమి బండ ఒంటిదే గానీ, సుట్టూ సిన్న బండలకు సందులుంటాయి గదా. ఆ కాలంలో సందులకు చౌడు మన్ను మెత్తేటోళ్లు. రెండు వానలకే కొట్టుకపోయేది. వానాకాలమొస్తే ఇంటింటా గిన్నెలూ చెంబులూ పరుసుకోని కూచునేదే. సున్నం లేదా అంటావు. సున్నం యాడో దూరంగా ఏటి రాళ్లు కాల్చేటోళ్లు గాడిదల మీద తెస్తే ఆకులోకి రోంత కొనుక్కునేది, గోడలకు ఎవురు పెడతారు? ఇప్పుడేమైందంటే, సుంకమ్మకు ఒగ అవ్వ ఉండె. పండ్లు లేవు గానీ, ఆకూవక్కా దంచుకోని నమలకుంటే ఆయమ్మకు పొద్దు పోదు. ఆ పొద్దు ఆకుసంచిలో ఉండే సున్నపుకాయలో సున్నం అయిపోయింది. గాడిదలోడు రాలేదు. అవ్వ ఊరంతా తిట్టుకుంటా గని పక్క పోయి, ఆ గంగమ్మ పూనిన బండ కాడ తెల్లగా యెన్న మాదిరి ఆరిండేది సూసింది. ఏలు పెట్టి తీసింది. ఆకుకు పూసింది. దంచింది. నమిలింది. అందరూ అవ్వ సచ్చిపాయ అనుకున్న్యారు. అవ్వ తుపుక్కున ఉమ్మింది. ఎర్రగా, నెత్తర మాదిరి. "ఒరే తిప్పన్నా, నువ్వు కాల్చింది సున్నంరా పిచ్చోడా" అనింది.

ఇంగ సూడు, మన నల్లబండే సున్నం అయితాదని పుట్టి బుద్దెరిగినప్పట్నుంచీ ఈ ఊర్లో ఎవురికీ తెల్దు. తిప్పన్న గంపలకెత్తినాడు, వంక ఇసక కలిపినాడు, సందు సందుకూ కూరినాడు. కూరి చేతులు కడుక్కున్న్యాడో లేదో, మృగశిర వాన మూడు దినాలు ముందుగానే వచ్చేసింది. వచ్చింది వానా అది, ఆకాశానికి తూటు పడినట్టు కురిసింది. ఆ వాన్లోనే సుంకమ్మకు నొప్పులొచ్చినాయి. లోపల మంత్రసాని, అవ్వ. బయట పంచలో తిప్పన్న, వాని మీసం ఒగ పక్కనే ఉండె. వాడు దేవునికి మొక్కలేదంట, పైకి సూసి, తల్లీ నిన్ను అప్పడమంటి, మనసులో పెట్టుకోబాక అని బండకే మొక్కతాన్నాడంట. అప్పుడు వాన్లో తడుసుకుంటా, నెత్తిన గోనె కప్పుకోని ఉసేనప్ప వచ్చినాడు. ఆయప్ప పండుకునే పాతింట్లో ఏడు గిన్నెలు పెట్టినా చాల్లేదంట. వచ్చి అల్లుని పక్కన గొంతుకూచున్న్యాడు. పైకి సూసినాడు. చుక్క లేదు. గడ్డం గీరుకున్న్యాడు. చానాసేపు గీరుకోని, అల్లుడా, ఆ సున్నం ఇంగా రోంత ఉండాదా, అని అడిగినాడు. అప్పుడే లోపల బిడ్డ ఏడిసింది.

తిప్పన్న ఇంగ వాళ్ల ఊరికి పోలేదు. సమ్మెట మాత్రం తుప్పు పట్టిపాయ. మద్దిలేటీ, ఆ సున్నపుకాయ ఇట్లియ్యి. ఇంత వాన పడతాంటే మీరంతా ఈడకొచ్చి దూరినారు గదా, ఒగరి మీదైనా చుక్క పడిందా? రోంత తలకాయలెత్తి సూడండి. కనపడతాండాయా గీతలు? నేను పుట్టంగానే కండ్లు తెరిసి సూసింది అవే, మా యమ్మ మొగం గూడా తర్వాతేనంట. అందుకే, నీళ్లు పడితే ఉడికే సున్నం మాదిరి నీకింత కోపమేందే అని అడిగేటోళ్లకు చెప్తా ఉంటా, నా మీద నీళ్లు పొయ్యకండి, ఆకు పెట్టండి అని.