బైండింగాయన గింజలు

ఏమిటే అమ్మాయ్ ఆ పార్శిలు, విప్పకముందే ఇల్లంతా వాసన? కాఫీ గింజలా? పోస్టులో తెప్పించావా? బాగుంది. ముప్పై రెండేళ్ళు కాఫీ పొడి కొట్టు నడిపిన తాతను ఇంట్లో కూర్చోబెట్టుకుని గింజలు పోస్టులో తెప్పించావు. కోపమేం లేదులే, ఇలా పట్రా. ఆ సంచీ మీద ఏం రాశారో చదువు, నా కళ్ళజోడు ఎక్కడో పెట్టాను. ఏమిటీ, నారింజ తొక్క వాసనా? తేనె రుచా? కాఫీ రుచి ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయన్నమాట. నవ్వుతావేం, ఇదంతా మీ కాలంలోనే పుట్టిందనుకుంటున్నావు కాబోలు. మీ నాన్న నిక్కర్లు వేసుకునే రోజుల్లోనే మా వీధిలో ఒకాయన ఇలా పోస్టులో గింజలు తెప్పించుకునేవాడు. బైండింగాయన. పేరేదో ఉండే ఉంటుంది, పుస్తకాలు బైండింగ్ చేసేవాడు కాబట్టి అందరికీ బైండింగాయనే. పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పోయినవాళ్ళ గురించి అలా అనకూడదని నాకూ తెలుసులే.

నా కొట్టు వీధి మూల మీద ఉండేది. మిషన్ వేశానంటే ఆ చివరింటి వాళ్ళకు కూడా తెల్లారినట్టు తెలిసేది. గింజలు నల్లగా, నూనె తేలేదాకా వేయించేవాణ్ణి, చికోరీ కలిపి మరపట్టి, మిషన్ నోట్లోంచి పడ్డది పడ్డట్టు పొట్లం కట్టి చేతిలో పెట్టేవాణ్ణి. పొట్లం వెచ్చగా ఉండాలి, అదీ మా కొట్టు గొప్ప. ఆడవాళ్ళు కొంగులో పెట్టుకుని ఆ వేడికి మురిసిపోయేవాళ్ళు. సరే, నాకెదురుగా ఈ బైండింగాయన గది. ఒక్కటే గది. ఇనప ప్రెస్సు, దాని మీద ఇంతలావు చక్రం, ఓ పొడుగు బల్ల, గోడకు అట్టల మీద అంటించే కాలికో గుడ్డ ముక్కలు, మూలన మైదా జిగురు గిన్నె. పెళ్ళీ పెటాకులూ లేవు. సన్నగా ఉండేవాడు, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఎండిన జిగురు, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. జిగురు పూసిన పుస్తకాలు ప్రెస్సులో పెట్టి చక్రం బిగించాక కాసేపు ఆగాలి కదా, అప్పుడు కాఫీ కాచుకునేవాడు. ఎక్కడో కొండల మీది తోటకు ఉత్తరం రాసి, పచ్చి గింజలు గుడ్డ సంచీలో తెప్పించుకుని, మూకుట్లో తనే వేయించుకుని, బల్లకు బిగించిన చిన్న చేతిమరలో పట్టుకునేవాడు. పాలూ చక్కెరా ఏమీ లేవు. ఎదురుగా నేను కొట్టు తెరుచుకుని కూర్చుంటే ఆ మహానుభావుడు ఒక్కపూట నా గడప తొక్కలేదమ్మా. కనబడితే మాత్రం, "బాగున్నారాండీ" అని నిదానంగా తలూపేవాడు. ఆ మర్యాదే నాకు మరీ కడుపుమంట.

ఆఁ, అసలు సంగతి అది కాదు. మీ నానమ్మ. మీ నానమ్మ నా కాఫీని ఎన్నడూ బాగుందనలేదు. పెళ్ళైన మర్నాటి నుంచీ పొద్దున కాఫీ నేనే కలిపిచ్చేవాణ్ణి, అది మా ఇంట్లో నా పని. ఇచ్చి నుంచునేవాణ్ణి. ఎలా ఉందే? "వేడిగా ఉంది." ఇంకో రోజు అడిగితే, "తాగుతున్నానుగా." వీధి వీధంతా మెచ్చుకునే పొడి, ఇంట్లో ఇదీ మర్యాద. సరే, ఆవిడ స్వభావమే అంత, మెచ్చుకోవడం చేతకాని మనిషి అని సరిపెట్టుకున్నాను. అలా పదహారేళ్ళు. అప్పుడు వాళ్ళ నాన్న నిఘంటువు అట్ట ఊడిపోయిందని తీసుకుని ఎదురు గదికి వెళ్ళింది. కుట్టు అయ్యేదాకా కూర్చోమని ఆయన ఓ కప్పు ఇచ్చాడట. ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర, నేను అడగనైనా అడగలేదు, తనంతట తనే, "ఆ బైండింగాయన కాఫీ ఎంత బాగుందో అండీ" అంది. అంటే మెచ్చుకోవడం చేతనవును. నన్ను మెచ్చుకోవడమే చేతకాదు.

ఆ తర్వాత చూడు, ఇంట్లో పుస్తకాలన్నిటికీ ఒక్కసారే రోగం వచ్చింది. వంటల నోట్సు అట్ట వదులైందంది. మీ నాన్న లెక్కల పుస్తకం వీపు చిట్లిందంది. ఆఖరికి టెలిఫోన్ డైరెక్టరీ. నవ్వు, నవ్వు. ఏటికేడు కొత్తది వచ్చే డైరెక్టరీకి ఎవరైనా బైండింగ్ చేయిస్తారటే? మా ఇంట్లో చేయించారు, ఎర్ర కాలికో వేసి, మూలలకు తోలు పెట్టి. నేను కొట్లో కూర్చుని తక్కెడ చూస్తున్నట్టు నటిస్తూ ఎదురు కిటికీ చూసేవాణ్ణి. ఛ, అలాంటిదేం లేదు, తలుపు బార్లా తీసే ఉండేది, వీధంతా కనబడేది, ఆవిడ స్టూలు మీద, ఆయన బల్ల అవతల కుట్టుకుంటూ. మాటలు కూడా పెద్దగా ఉండేవి కావు. మాట్లాడుకున్నా బాగుండేది, ఏం మాట్లాడారని అడిగేవాణ్ణి. మాట్లాడకుండా కాఫీ తాగితే ఏమని అడగను? తిరిగొచ్చాక ముఖం కడుక్కున్నట్టు ఉండేది మనిషి. చెప్పుకోవడానికి సిగ్గేగానీ, కుళ్ళిపోయానమ్మా. కొట్లో కొలత తప్పి పొడి ఎక్కువ వేసిన రోజులున్నాయి.

ఇంతలో ఏమైందీ, ఓ రోజు ఆయన గది మూసి ఉంటే పోస్టుమాను పార్శిలు తెచ్చి నా బల్ల మీద పడేశాడు. "కాఫీ గింజలంటే మీకే తెలుసు కదా, ఆయనొస్తే ఇచ్చేయండి" అన్నాడు. ఆయన వచ్చాడు, నేను ఇవ్వలేదు. ఆ, దొంగతనమే. నువ్వేం అలా కళ్ళు పెద్దవి చెయ్యక్కర్లేదు. కుట్టు విప్పి రెండు దోసిళ్ళు తీశాను. తీసి, నా చేతికి వచ్చింది ఒకటేగా, నూనె తేలేదాకా నల్లగా వేయించాను, వేడి మీదే నా మిషన్లో పట్టాను, పొట్లం వెచ్చగా పట్టుకుని ఇంటికి పరుగెత్తాను. మీ నానమ్మకు చెప్పకుండా కలిపిచ్చి, ఎలా ఉందే అన్నాను. "వేడిగా ఉంది" అంది. నాకెంత సంతోషం, ఎగిరి గంతెయ్యడమే తక్కువ. చూశావా, గింజలో ఏమీ లేదు, అంతా ఒట్టి డాబు అనుకుంటూ సగం వీధి నడిచాను. సగం వీధిలో ఆగిపోయాను. గింజలో లేకపోతే మరి ఎందులో ఉన్నట్టు? గింజ అదే, తాగిన మనిషి ఆవిడే. మారింది ఇచ్చిన చెయ్యి ఒక్కటే. ఇక చూసుకో, అక్కడే ఎవరింటి అరుగో, దాని మీద కూలబడ్డాను. నన్ను నేనే వెతికి వెతికి పొడుచుకున్నట్టయింది.

మర్నాడు మిగిలిన గింజలూ, నేను పట్టిన ఆ గింజల పొడితోనే కాచిన ఓ గ్లాసూ పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్ళాను. తప్పైపోయింది, విప్పాను అన్నాను. కోప్పడితే బాగుండు, ఓ నాలుగు మాటలు నేనూ అనొచ్చు అనుకున్నాను. ఆయన గ్లాసు తీసుకుని ఓ గుక్క తాగి, "మీ మిషన్లో ఏళ్ళ తరబడి పట్టిన చికోరీ ఉంటుంది కదండీ, నా గింజ పాపం దాన్ని దాటి రాలేకపోయింది" అన్నాడు. తర్వాత తనే ఓపిగ్గా చెప్పాడు. గోధుమరంగు రాగానే దింపెయ్యాలట. దింపి మూడు రోజులు ముట్టుకోకూడదట, గింజ ఊపిరి వదులుకుంటుందట. వేడి మీదే పొడి చేస్తే రుచి రాదట. నా కొట్టు గొప్పంతా వేడి పొట్లమే, ఈయన అదే తప్పంటాడు. కానీ నీకు నిజం చెప్పాలి, నాకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యి కాదు, పద్ధతి. పద్ధతైతే నేనూ నేర్చుకోగలను. నేర్చుకోలేదు. పంతం. ఆయన దగ్గర నేర్చుకుని ఆవిడకు పెట్టి మెప్పు పొందడమేమిటి అని ఊరుకున్నాను. ఆ ఏడే ఆయన పోయాడు. ప్రెస్సు చక్రం తిప్పుతూ తిప్పుతూ కూర్చున్నాడట, అంతే.

వాళ్ళ అక్కగారు వచ్చి గది ఖాళీ చేసింది. నన్ను పిలిచి ఆ చేతిమర నా చేతిలో పెట్టి, "మా తమ్ముడు ఉత్తరాల్లో మీ గురించే రాసేవాడండీ, ఎదురుగా కాఫీ తెలిసిన మనిషి ఉన్నాడని" అంది. పది రోజులకు పోస్టుమాను ఇంకో పార్శిలు తెచ్చాడు. ఆయన పోయేముందు రాసిన ఉత్తరానికి వచ్చింది. ఈసారి అంతా ఆయన చెప్పినట్టే చేశాను. గోధుమరంగులో దింపాను, మూడు రోజులు డబ్బా ముట్టుకోలేదు, చేతిమరలో పట్టాను. పాలు పొయ్యకుండా మీ నానమ్మకు ఇచ్చాను. ఏమీ చెప్పలేదు, ఏమీ అడగలేదు. ఆవిడ ఓ గుక్క తాగి నాకేసి చూసింది. కూర్చుంది. చివరిదాకా తాగింది, ఆపకుండా. "బాగుందండీ" అంది. అన్నేళ్ళుగా నేను నుంచుని నుంచుని ఎదురుచూసిన మాట. తర్వాత కప్పు తనే కడిగి బోర్లించి, నా వైపు తిరక్కుండానే, "ఇది ఇంకెప్పుడూ నాకు పెట్టకండి. రేపట్నుంచి మళ్ళీ మీదే పెట్టండి" అంది.

అదేనమ్మా. మీదే పెట్టండి అంది. నాదే చాలనా, ఆయనది తాగలేకనా? తర్వాత పాతికేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. రోజూ పొద్దున్నే ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చేది. అడగొచ్చు, అడిగితే చెప్పేది కూడా, మీ నానమ్మ నోట అబద్ధం వచ్చేది కాదు. అందుకే అడగలేదు.

ఏమిటి అలా చూస్తావు? నీళ్ళు మరుగుతున్నాయి, వెళ్ళి చూసుకో.