తుడవని వేలు

ఏమే పిల్లా, పొద్దుట్నుంచీ ఆ ప్లాస్టర్ బొమ్మ చేతిని గియ్యటానికే కుస్తీ పడుతున్నావు, అదెవరిదో తెలుసా? నాదేనే! నవ్వకు. అప్పట్లో నా చెయ్యి చూసి మా లుక్కా ఊరి వీధుల్లో గుర్రాలు కూడా ఆగిపోయేవి. మా నాన్న ప్లాస్టర్ బొమ్మలు పోసేవాడు. బొమ్మల బళ్ళో పిల్లలు చూసి గీసుకునే చెయ్యిని పిల్లి పడేసి పగలగొడితే, 'ఒసే జెల్ట్రూడా, ఇలా రా' అని నా చేతికి నూనె పూసి తడి ప్లాస్టర్ ముద్దలో పెట్టేశాడు, అచ్చు తియ్యటానికి. అది గట్టిపడేటప్పుడు వేడెక్కుతుందే, అబ్బో, రొట్టెల పొయ్యిలో పెట్టినట్టే! చిటికెన వేలు వంకర చూశావా? చెస్ట్‌నట్ చెట్టెక్కి పడ్డాను. గంటస్తంభమంత చెట్టు. సరే, రెండు గంటస్తంభాలంత.

మా ఆయన రనియేరిని నువ్వు చూళ్ళేదు. తోళ్ళు ఊని పదును చేసే వాళ్ళింటి పిల్లాడు. బళ్ళో చేరగానే మనిషిని గియ్యనిచ్చేవాళ్ళా? ఎక్కడ! ముందు అచ్చు కాగితాలు చూసి ఒట్టి కళ్ళు, ముక్కులు, చెవులు. ఈయన ఏడాదంతా చెవులు గీసి గీసి, చారులో చిక్కుడు గింజ కనపడినా 'ఇది ఎడమ చెవి' అనేవాడట. తర్వాత ప్లాస్టర్ కాళ్ళూ చేతులూ. అవి కుదిరాయని మాస్టారు తలూపితేనే మేడమీది గది, అక్కడ ప్రాణమున్న మనిషి కూర్చుని ఉంటాడు. వాళ్ళ నాన్న తెగేసి చెప్పాడు: 'ఈసారి మేడెక్కావా సరే, లేదా వచ్చి తోళ్ళ తొట్టిలో దిగు.'

పరీక్షకి నా చెయ్యే పెట్టారు. నేను నాన్న వెంట గంప మోసుకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాను, ఆడపిల్లని లోపలికి రానివ్వరుగా. అందరూ వేలు నిటారుగా గీశారు. ప్రకృతి చేసిన తప్పు చిత్రకారుడు దిద్దాలి, అదీ అక్కడి చదువు. ఈయనొక్కడే వంకరగా గీశాడు. ఒనోఫ్రి మాస్టారు ముక్కుపొడుం పీలుస్తూ వచ్చి, 'ఏమిటోయ్ ఇది?' 'ఉన్నది ఉన్నట్టే గీశాను మాస్టారూ.' 'తుడువు. తుడిచి సరిచేసి మేడమీదికి పో.' బొగ్గు గీత తుడవడానికి అప్పుడు రొట్టె లోపలి మెత్తటి ముద్దే కదా వాడేది. ఈయన ముద్ద తీశాడు. వేలు వంక చూశాడు. నోట్లో వేసుకున్నాడు! నమిలి, మింగి, 'రొట్టె అయిపోయింది మాస్టారూ' అన్నాడు. ఊళ్ళో గంటలన్నీ ఆగిపోయాయంటే నమ్ము.

అంతే, మేడ తలుపు ఈయనకి ఇంక తెరుచుకోలేదు. సాయంత్రం మా కొట్టుకొచ్చి, 'ఆ వంకర అచ్చులో వచ్చిందా, మనిషిదేనా?' అని నాన్ననడిగాడు. నాన్న నోరు తెరిచేలోగా నేనే చెయ్యి చాపాను. పట్టుకున్నవాడు వదిలితేనా! నాన్న వదలమన్నట్టు దగ్గి దగ్గి గొంతు పోగొట్టుకున్నాడు పాపం. ఈయన ఇంక తోళ్ళ తొట్టికీ పోలేదు, మా ప్లాస్టరే కలుపుతూ ఉండిపోయాడు. పనయ్యాక నన్ను కూర్చోబెట్టి గీసేవాడు. 'ఇదే నా మేడమీది గది' అనేవాడు. అక్కడ బళ్ళో అయితే మనిషి రాయిలా కూర్చుంటాడట. నేనా? 'కదలకే తల్లీ.' 'ఏం, ఊపిరి కూడా వదలొద్దా?' 'ఊపిరి వదులు, మాటలొద్దు.' అందుకే వెయ్యి బొమ్మల్లోనూ నోరు తెరిచే ఉంటాను, కోతిలా. ఆ చివరి చలికాలం మంచం మీద నుంచే కాగితం అడిగాడు. ఎదురుగా కూర్చున్నాను. మాట రాలేదు నాకు. నాకు! కాసేపు గీసి, బొగ్గు పక్కన పెట్టి, 'మాట్లాడవే జెల్ట్రూడా, పోలిక కుదరటం లేదు' అన్నాడు. నేను...

ఆ కిటికీ తలుపు కాస్త వెయ్యి. కళ్ళలో గాలి కొడుతోంది.