రెండోసారి చెప్పిందే జవాబు

ఆ పరీక్ష రికార్డింగుల్లో మనుషులు ఒక్క మాట మీద నిలబడరు బాబాయ్, అదీ నా ఏడుపు. మంగళవారం వస్తానంటాడు, అంతలోనే కాదు కాదు, బుధవారం అంటాడు. ఫోన్ నంబరు చెప్తాడు. తీరా మనం రాసుకున్నాక, అయ్యో అది పాతది, కొత్తది రాసుకోండి అంటాడు. వాడికేం, తీరిగ్గా మార్చుకుంటాడు. ఇక్కడ పెన్సిలు పట్టుకుని కూర్చున్నదాని ప్రాణం పోతుంది. పైగా ఒక్కసారే వినిపిస్తారు. మళ్లీ చెప్పవయ్యా అని అడుగుదామంటే అవతల మనిషంటూ ఉంటేగా?

విసుగ్గా ఉందా? కాస్త ఇటు తిరగండి. చెయ్యి మాత్రం కదపకండి, ఆ దిండు మీదే ఉండనివ్వండి. మీ అమ్మాయి మందులకి కింద దుకాణానికి వెళ్లింది. అక్కడ లైను బారెడుంది, చూసే వచ్చాను. ఆ పిల్ల ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు.

డ్యూటీ లేదండీ ఇవాళ. మామూలు బట్టల్లో వచ్చేసరికి మీరు పోల్చుకోలేదు. నేను సాయంత్రం సిస్టర్ని. మీ చేతికి పిండికట్టు వేసిన రోజు, ఈ వార్డు చూసుకున్నది నేనే.

ఏం పరీక్ష అంటారా? ఇంగ్లీషు పరీక్ష. బయటి దేశం ఆసుపత్రుల్లో నర్సుగా తీసుకోవాలంటే అది గట్టెక్కాలి. చదవడం వచ్చు, రాయడం వచ్చు, మాట్లాడటం కూడా ఏదోలా నెట్టుకొస్తాను. వినడం దగ్గరే బోల్తా పడుతున్నాను. నవ్వొస్తోందా? నవ్వండి, ఫర్వాలేదు. రోగుల మాటలు వింటూ అన్నం తినేదాన్ని, వినడంలో తప్పాను.

ఇంట్లో అందరికీ ఈ వినడం జబ్బు అంటించాను. వంటింట్లో స్పీకరు, స్నానాల గదిలో ఫోను. మా అత్తగారికి ఇంగ్లీషు ముక్క రాదు, అయినా ఆ గొంతు "ఇప్పుడు మూడో భాగం" అనగానే టీవీ కట్టేసి, గరిట చప్పుడు కూడా రానివ్వరు. మా ఆయన వెటకారం వేరు. ఏం వండమంటారు అని అడిగితే, ఎ, బి, సి అని మూడు చెప్పు, ఒకటి టిక్కు పెడతాను అంటారు.

ఎందుకింత యావ అంటే ఏం చెప్పను. ఇక్కడ నేను కాంట్రాక్టు మనిషిని. ఏడాది తిరిగేసరికి ఉంచుతారో పొమ్మంటారో అని హెడ్ సిస్టరు మొహంలోకి చూస్తూ బతకాలి. తలొంచుకుని బతికి బతికి మెడ పట్టేసింది బాబాయ్. ఒక్కసారి తలెత్తుకుని ఉద్యోగం చెయ్యాలని ఆశ. అంతే, పెద్ద ఆశేం కాదు.

అదిగో, అప్పుడే కోచింగ్ మేడం దగ్గర చేరాను. ఆవిడ మొదటి రోజే నా రోగం పట్టేసింది. "నువ్వు మొదట చెప్పిందాన్ని పట్టుకుని వేలాడుతున్నావు. మొదట చెప్పేది ఎర. కాదు కాదు అని మార్చి చెప్పేదే జవాబు. మొదటిది వినగానే వదిలెయ్" అంది. ఎంత తేలిక చూడండి. ఇంతకాలం నాకెవరూ ఈ కిటుకు చెప్పనేలేదు.

ఇక అదే సాధన. బస్సులో వింటూ వదిలెయ్యడం, బట్టలు ఆరేస్తూ వదిలెయ్యడం. మంగళవారం వదిలెయ్, బుధవారం పట్టుకో. ఎడమ పక్క గేటు వదిలెయ్, కుడి పక్కది పట్టుకో. కొన్నాళ్లకి మనసు పెట్టాల్సిన పనే లేకపోయింది. "కాదులెండి" అనే మాట చెవిన పడితే చాలు, దాని ముందున్నదంతా దానంతటదే చెరిగిపోయేది.

చెరిగిపోయేది, అదీ సంగతి.

ఆ సాయంత్రం మీ దగ్గరికి వచ్చాను. గుర్తుందా? మీకు గుర్తుండకేం. మీ కుట్టు దుకాణంలో పై అరలోంచి బట్ట తాను తీయబోయి స్టూలు మీంచి పడ్డారని, స్కూళ్లు తెరిచే రోజులు, యూనిఫాంలన్నీ కత్తిరించి ఉన్నాయని మీ అమ్మాయికి చెప్తున్నారు. నేను ఎలా ఉంది బాబాయ్ అని అడిగాను. మీరేమన్నారో అక్షరం పొల్లుపోకుండా చెప్తాను, వినండి.

"కట్టు బాగా బిగుసుకుపోయిందమ్మా, వేళ్లలో సూదులు గుచ్చుతున్నట్టుంది" అన్నారు. నేను మీ మొహంలోకి చూశాను. నా చేతిలో ఇంకో నలుగురి మందులున్నాయి. మీరు ఆ మందులు చూసి, "అబ్బే, కొత్త కట్టు కదా, అంతేలే, సర్దుకుంటుంది. నువ్వెళ్లి నీ పని చూసుకో తల్లీ" అన్నారు.

నేను వెళ్లి నా పని చూసుకున్నాను.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయని మీ అమ్మాయి అందరితోనూ అంటోంది. అదే నిజమైతే నాకు కాస్త నయంగా ఉండేది. లేవు బాబాయ్. మెడలో వేలాడుతున్నాయంతే. మీ మాట పూర్తిగా విన్నాను. మొదటిది విన్నాను, రెండోది విన్నాను. రెండోదే జవాబు అనుకున్నాను.

చిన్న పిల్లకి కూడా తెలిసిన పని అది. వేలి గోరు నొక్కి చూడాలి, తెల్లబడ్డ గోరు మళ్లీ ఎర్రబడుతోందో లేదో. వేళ్లు కదపమనాలి. చల్లగా ఉన్నాయేమో ముట్టుకోవాలి. ఇంకా చదువుకుంటున్న పిల్ల నర్సులకి నేనే నేర్పుతాను అది. మీ చెయ్యి నేను ముట్టుకోలేదు.

రాత్రి సిస్టరుకి వార్డు అప్పగిస్తూ, కిటికీ పక్క మంచం బానే ఉంది, చూడక్కర్లేదు అన్నాను. చూడక్కర్లేదు అని కూడా అన్నాను. ఆ పిల్ల నన్ను నమ్మింది. పాపం, ఇప్పుడు దాన్ని కూడా పిలిపించి అడుగుతున్నారు.

ఇంకో మాట చెప్పనా? ఇది చెప్తే మీరు నా మొహాన ఉమ్మినా తుడుచుకుని పోతాను. ఆ రోజు ఇంటికెళ్లి టెస్టు పెట్టుకుంటే, మొదటిసారి అన్నీ కరెక్టు. ఒక్కటంటే ఒక్కటి తప్పు రాలేదు. మా అత్తగారు దిష్టి తగులుతుందని నా బుగ్గలు పుణికారు. నేను గంతులేశాను బాబాయ్, ఇంత వయసులో, వంటింట్లో. మీ వేళ్లు ఇక్కడ నీలం తిరుగుతున్న వేళకి.

తెల్లారేసరికి మిమ్మల్ని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లిపోయారు. కట్టు కోసి, చెయ్యి కోసి, లోపల బిగిసిన కండ వదులు చేశారట. రక్తం పారక ఆ రెండు వేళ్లు అలా కదలకుండా ఉండిపోయాయి. వస్తాయి, టైము పడుతుంది అని డాక్టరుగారు మీతో అన్నారు కదా? నడవాలోకి వచ్చాక మాతో అంత గట్టిగా అనలేదు. సూది పట్టుకుంటారేమో, కత్తెర మాత్రం కష్టం అన్నారు.

అయ్యో, మీకు తెలుసా? ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదా. అవున్లెండి, మీ చెయ్యి, మీకు తెలియకుండా పోతుందా.

ఏడవట్లేదు. ఏడవడానికి నాకు హక్కేముంది?

నిన్న పొద్దున్న డాక్టరుగారు, హెడ్ సిస్టరు మీ మంచం దగ్గరికి వచ్చినప్పుడు నేను మీ కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాను. నన్ను పిలిపించారు. డాక్టరుగారు సూటిగా అడిగారు, సాయంత్రం ఈ సిస్టరుతో నొప్పి సంగతి చెప్పారా అని. మీరు నా వైపు చూశారు. అప్పుడు నేను ఎక్కడికి చూశానో తెలుసా? మీ నీళ్ల సీసా వైపు.

"చెప్పాననుకుంటా" అన్నారు మీరు. తర్వాత నా మొహంలో ఏం కనపడిందో ఏమో, "అబ్బే, లేదు డాక్టరుగారూ, చెప్పలేదు, ఆ అమ్మాయి తప్పేం లేదు" అన్నారు.

డాక్టరుగారు తలూపారు. హెడ్ సిస్టరు ఊపిరి పీల్చుకుంది. మీరు మొదట అన్నమాట గాల్లో కలిసిపోయింది. అంత చదువుకున్నవాళ్లు కూడా రెండోదాన్నే పట్టుకున్నారు, చూశారా? నేను నోరు విప్పలేదు. చెప్పారండీ, నేనే పెడచెవిన పెట్టాను అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. పిల్లలకి నిజం చెప్పాలని నీతులు చెప్తాను బాబాయ్, ఇంట్లో.

మీరెందుకలా అన్నారు? నా మీద జాలా? నేను మీకేమవుతానని? బాబాయ్ అని పిలిచినంత మాత్రాన? వార్డులో అందర్నీ బాబాయ్ అనే పిలుస్తాను నేను. పేర్లు గుర్తుండవని.

ఆఁ, వస్తుంది మీ అమ్మాయి, ఇంకా లైనులోనే ఉండుంటుంది. నేను తొందరగా చెప్పేస్తాను.

రేపు సూపరింటెండెంటుగారు వస్తారు. మీ అమ్మాయి గట్టిగా గొడవ పెట్టింది, పెట్టాల్సిందే. ఆయన మళ్లీ మొదట్నుంచీ అడుగుతారు. మీరు చెప్పానంటే నన్ను తీసేస్తారు. తీసేసినా ఇంకోచోట గిన్నెలు తోముకుని బతుకుతాను, అది కాదు. బయటి ఆసుపత్రివాళ్లు ఇక్కణ్ణించి మంచి నడవడిక అని కాగితం అడుగుతారు. అది రాకపోతే నేను పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నా దండగే. పరీక్ష ఈ శనివారమే.

క్షమాపణ అడగడానికి వచ్చానని అనుకుంటున్నారు కదూ? ఇందాకట్నుంచీ ఆ కళ్లతోనే చూస్తున్నారు. నేనూ మెట్లెక్కుతున్నంతసేపూ అదే అనుకున్నాను. అందుకు కాదు బాబాయ్. రేపు కూడా చెప్పలేదనే చెప్పమని అడగడానికి వచ్చాను.

ఏమన్నారు?

కాస్త గట్టిగా అనండి.

...కోపంగా ఉందమ్మా, అన్నారు. నలభై ఏళ్లుగా కత్తెర పట్టిన చెయ్యి, నీకు అక్కర్లేకపోయింది, అన్నారు.

ఊఁ.

ఇప్పుడేమంటున్నారు? అబ్బే, పోనీలే, అలాగే చెప్తాను, నువ్వెళ్లి చదువుకో తల్లీ, అంటున్నారు.

చెప్తారుగా? సరే. దుప్పటి సరిచేస్తాను, కాళ్ల మీంచి జారింది. మీ అమ్మాయి గొంతు మెట్ల దగ్గర వినపడుతోంది, నేను అటు తలుపులోంచి పోతాను.

మీరు మొదట అన్నది నాకు బాగానే వినపడింది బాబాయ్. విని కూడా, రెండోదే పట్టుకుని పోతున్నాను.