ఏడు పాయింటు పన్నెండు

ఆసుపత్రిలో రక్తపరీక్షల గది. కుర్చీలో రిటైరైన నూలుమిల్లు డాక్టరు, మణికట్టు మీద దూది అదిమిపట్టుకుని ఉన్నాడు. ల్యాబ్ టెక్నీషియన్ ఒక కాగితంతో ఎదుట నిలబడింది.

“ఇంకెంతసేపు నొక్కాలమ్మా?”

“అయిదు నిమిషాలు. ధమని కదా, మీకు తెలియనిదా డాక్టరు గారూ.”

“తెలుసు, తెలుసు. ఊపిరి... ఊపిరి అందట్లేదు. పొద్దుట్నించీ ఇంతే. వేళ్ళు తిమ్మిరి, పెదాలు చిమచిమ. మెషిన్ ఏమంది? చదువు, అద్దాలు తేలేదు.”

“చదవమంటారా?”

“అదేగా చెబుతున్నా.”

“పీహెచ్ ఏడు పాయింటు పన్నెండు.”

“ఎంత?”

“ఏడు పాయింటు పన్నెండు. కార్బన్ డయాక్సైడు ఎనభై ఎనిమిది.”

“నలభై ఉండాలి... మళ్ళీ చూడు.”

“రెండుసార్లు చూశాను.”

“అయ్యో. లోపలి గాలి బయటికి పోవట్లేదు. అది పేరుకుని రక్తం ఆమ్లమైపోతోంది. కానీ ఇంత ఉంటే మత్తు రావాలే, నాకు మత్తు లేదే...”

“ఇలాంటి మనిషిని ఏం చేస్తారు?”

“ఏం చేయడమేంటి, వెంటనే ఊపిరి మెషిన్ పెట్టాలి. పైకి ఫోన్ చెయ్యి.”

“చేస్తాను. ఒకవేళ డాక్టరు, ఏం లేదు, వట్టి భయం అని ఇంటికి పంపేస్తే?”

“ఏ డాక్టరు పంపుతాడు?”

“పంపాడే అనుకోండి.”

“తెల్లారేలోగా పోతాడు. పంపినవాడు డాక్టరు కాదు, హంతకుడు. ఫోన్ చెయ్యమంటుంటే...”

“ఆ మాట మీ నోట వినాలని పదకొండేళ్ళు కాచుకు కూర్చున్నాను.”

“ఏ మాట?”

“ఇది మీ కాగితం కాదు. మా తమ్ముడిది. మీ మిల్లులో దూది ఏకే గదిలో చేసేవాడు. వాడి రక్తం ఈ గదిలో నేనే పరీక్ష చేశాను. ఈ అంకెలే ఫోన్లో మీకు చదివాను. ఏమన్నారో గుర్తుందా?”

“రోజుకి ఎంతమందో వచ్చేవాళ్ళమ్మా...”

“మెషిన్ పాడైంది, వాడిది భయం, ఇంటికి పొమ్మను అన్నారు. ఫోన్ వాడి చెవి దగ్గర పెడితే వాడికీ అదే చెప్పారు. ఇక్కడ చేర్పిస్తే దుమ్ము రోగమని మిల్లు ఒప్పుకోవాల్సొస్తుందిగా.”

“యాజమాన్యం మాట కాదంటే... నాకూ పిల్లలున్నారమ్మా.”

“వాడికీ ఉన్నారు. మీ పాపం ఎప్పుడు పండుతుందా అని నేను చూడని రోజు లేదు.”

“కాళ్ళు పట్టుకోమంటావా? పట్టుకుంటా. నా కాగితమేదీ? అందులో ఏముంది?”

“ఇదిగో. పీహెచ్ ఏడు పాయింటు యాభై రెండు. కార్బన్ డయాక్సైడు ఇరవై నాలుగే. వాడికి లోపలే పేరుకుంది, మీరేమో ఎగపీల్చి ఎగపీల్చి ఉన్నది కాస్తా వదిలేశారు. తిమ్మిర్లు అందుకే. ఆక్సిజన్ బాగుంది. పైన డాక్టరుకీ చెప్పాను, ఆవిడదీ అదే మాట. వట్టి భయం. ఇంటికెళ్ళండి.”

“నిజంగానా?”

“మా తమ్ముడు కూడా మిమ్మల్ని ఇదే అడిగాడు.”