మగ్గమెక్కిన అడవి

ధర్మవరం దగ్గర రక్షిత అడవిలో చెట్ల పటం గీస్తున్న అటవీశాఖ ఉద్యోగి మమత, అడవి అంచున పట్టుకు రంగులద్దే ఓబులేసును నిలదీసింది.

"మొన్న డ్రోన్ ఫొటోలో ఈడంతా పచ్చటి చెట్లుండాయి. ఈ పొద్దు ఒక్కటీ లేదు. నరికేసినావా అన్నా? కేసు రాయాల్సొస్తాది."

ఆమె ఫోన్‌లో ఆ ఫొటో చూపించింది. అది చూసి ఓబులేసుకు నవ్వాగలేదు.

"చెట్లు కావు తల్లీ. చిలకపచ్చ రంగేసిన పట్టుదారాలు గుంజల నిండా ఆరేసినా. ఇంటి లోపల మగ్గం మీద చూడు, అవే."

మమత తొంగిచూసి నాలుక కరుచుకుంది. "అయితే నేను కనిపెట్టిన అడవి?"

"నువ్వు పట్టుకున్నది పట్టునే. వచ్చే నెల చీరై హిందూపురంలో పెండ్లిపీట ఎక్కుతాది."

మమత పగలబడి నవ్వుతూ పటంలో ఆ పచ్చదనం చెరిపేసింది.

"ఎర్ర రంగేసే రోజు ముందే చెప్పన్నా. లేకుంటే అడవి అంటుకుందని ఫైరింజను పంపిస్తా."