నల్లగా ఉన్న ఫైళ్లు

పోయిన అన్న కంప్యూటర్ ముందు తమ్ముడు కూర్చున్నాడు. వెనక వదిన నిలబడింది.

"అన్నయ్య ఆఖరున తీసిన తోకచుక్క ఫొటోలు అన్నీ జేపెగ్‌లే ఉన్నాయి వదినా. కెమెరా నేరుగా ఇచ్చిన అసలు ఫైళ్లు, ఆ 'రా' ఫైళ్లేవి?"

"అవన్నీ ఒట్టి నలుపే కదా. చెడిపోయాయనుకుని మొన్న నేనే తీసేశాను. చూడ్డానికి ఇవే బాగున్నాయి."

అతను రీసైకిల్ బిన్ తెరిచి చూశాడు, అదీ ఖాళీగానే ఉంది.

"తోక ఆ నలుపులోనే ఉంటుంది వదినా. ఓపిగ్గా వెలుతురు పెంచుకుంటూ పోతే బయటికొస్తుంది."

"వీటిలో పెంచలేవా?"

"పెంచి చూశాను. మరకలే వస్తున్నాయి. ఫైలు చిన్నది చెయ్యడానికి జేపెగ్, సన్నటి వెలుగుని ఏమీ లేదనుకుని వదిలేస్తుంది."

ఆమె తెరకి దగ్గరగా వంగింది.

"చివర్లో మీ అన్నయ్య మాట్లాడ్డం మానేస్తే, చెప్పడానికేమీ లేదనే అనుకున్నాను."